రేకుల షెడ్డులో నర్సింగమ్మ

నందికొండ దగ్గర ఆనకట్ట పని జోరు మీదున్న రోజులవి. మోత్కూరు దిక్కు నుంచి వచ్చిన కూలీల గుడిసెల్లో నర్సింగమ్మది ఒకటి. భర్త కాటమయ్య రాళ్లు కొట్టేవాడు, ఆమె మోసేది. పిల్లల్లేరు. నలభై రాకముందే నర్సింగమ్మ నడుము పట్టేసింది. పొద్దున లేవాలంటే ముందు పక్కకు దొర్లి, గుడిసె గుంజ పట్టుకుని, పంటిబిగువున పైకి రావాలి. దవాఖానకు పోతే గోళీలిచ్చి, బరువులెత్తొద్దన్నారు. బరువులెత్తని కూలీని పనిలో ఎవరుంచుకుంటారో మాత్రం చెప్పలేదు.

ఆ ఎండాకాలం స్టాఫు క్వార్టర్ల పక్కనున్న ఖాళీ రేకుల షెడ్డులో రఘుపతి సారు యోగాసనాలు నేర్పడం మొదలుపెట్టారు. మక్తల్‌లో డ్రిల్లు మాస్టరుగా చేసి, పింఛను తీసుకుని, అల్లుడి దగ్గరికి వచ్చిన పెద్దమనిషి. వేడికి ఒళ్లు మైనంలా సాగుతుందని ఆయన నమ్మకం. అందుకని పొద్దటి పని దిగినవాళ్లను మిట్టమధ్యాహ్నం పోగేసి, తలుపులు మూయించి మరీ నేర్పేవారు. పైన రేకులు పెనంలా కాలేవి.

ఆఫీసులో గుమాస్తా అమరేందర్ నిన్నమొన్నటిదాకా నడుము మీద చెయ్యి వేసుకుని వంకరగా నడిచేవాడు. అతను ఒకరోజు నిటారుగా పోతుంటే నర్సింగమ్మ చూసింది. ఎట్లా బాగైందో వాళ్లనూ వీళ్లనూ అడిగి తెలుసుకుంది. మరునాడు పని దిగగానే ఖాళీ గోనెసంచి ఒకటి చంకన పెట్టుకుని షెడ్డులోకి నడిచింది.

లోపలున్నవాళ్లంతా మగవాళ్లే. అమరేందర్ ఎదురొచ్చాడు. "ఏమ్మా, ఎవరు గావాలె? ఇది మొగోళ్ల జాగా."

"నడుము మొగోళ్లకే ఉంటదా?" అంది నర్సింగమ్మ.

రఘుపతి సారు వద్దనలేక, వెనక మూల చూపించారు. ఆమె చీరను గోచీగా బిగించి కట్టుకుని సంచి మీద నిలబడింది. వంగి పాదాలు ముట్టమన్నారు. చేతులు మోకాళ్లు దాటలేదు. చెమట కళ్లలోకి దిగి మండింది. పీల్చిన గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. ముందువరసలో ఎవరో వెనక్కి తిరిగి కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విని ఆమె ఇంకాస్త వంగింది. అంతే, షెడ్డు గిర్రున తిరిగింది.

కళ్లు తెరిచేసరికి బయట గోడనీడలో ఉంది. సారు దగ్గర కూచుని ఉప్పు కలిపిన నీళ్లు తాగిస్తున్నారు. ఆయన ముఖంలో భయం.

"గీ ఎండ నీకు పడదమ్మా. చలికాలంల రా, నేర్పుత."

"రాళ్లు మొయ్యనీకె చలికాలం రమ్మన్నోడు ఒక్కడు లేడు సారూ. రేపొస్త."

ఆ సంగతి ఆమెకంటే ముందే గుడిసెకు చేరింది. కాటమయ్య గడపలోనే అడ్డం నిలబడ్డాడు. "అంతమంది ముందట కాళ్లు జాపి పండుకుంటవా? నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

"అంతమంది ముందట రాయి నెత్తికెత్తుకోని, చెమటల తడిసి నడుస్తి. అప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడు పోతదా?"

"రేపు పోయినవంటె నువ్వొండిన కూడు ముట్ట."

"మంచిదే. అయితె వండ."

అన్నట్టే పొయ్యి ముట్టించలేదు. కాటమయ్య పస్తు పడుకుని, తెల్లారి పక్క గుడిసె జంగమ్మ పెట్టిన రొట్టె తిని పనికి పోయాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డు వాకిట్లో అమరేందర్, మరి కొందరు కాచుకుని ఉన్నారు. "ఆమె ఉంటె మేముండం సారూ. ఏదో ఒకటి తేల్చుండ్రి." నర్సింగమ్మ వాళ్ల పక్కనుంచే లోపలికి పోయి సంచి పరిచి కూచుంది.

సారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు, "జర లేచి బయటికి రామ్మా. వీళ్లకు నచ్చజెప్పినంక పిలుస్త."

"లేవలేకనే గదా వచ్చిన. నేర్పుండ్రి, లేస్త."

సారు పోయి తలుపులు రెండూ బార్లా తెరిచారు. "పోయెటోళ్లు పోండ్రి," అన్నారు గట్టిగా. "నిన్న ఆడమనిషి వంగలేకపోతె నవ్వినోళ్లకు నేను నేర్పేదేం లేదు." ఆ రోజు నుంచి తలుపులు మూయలేదు, పక్కన నీళ్లకుండ కూడా వచ్చింది. అలిగిపోయినవాళ్లలో చాలామంది వారం తిరక్కముందే వచ్చి మాట్లాడకుండా వరసలో నిలబడ్డారు. అమరేందర్ మాత్రం రాలేదు.

నర్సింగమ్మకు ఆసనాలు ఒక పట్టాన లొంగలేదు. కాళ్లు వణికేవి, ఒక్కోసారి చెమటకు చెయ్యి జారి బోర్లా పడేది. పడ్డచోటే కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ లేచేది. తలతిరిగితే సిగ్గుపడకుండా కూచునేది. వానలు పడే నాటికి బోర్లా పడుకుని, పాములా ఛాతీ పైకెత్తి నిలపగలిగింది. నొప్పి మొత్తం పోలేదు. కానీ పొద్దున ఏ ఆసరా లేకుండా లేచి నిలబడిన రోజున, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, మళ్లీ పడుకుని మళ్లీ లేచి చూసుకుంది.

మేస్త్రీ పెద్దరాయి తలకెత్తబోతే, "ఇది మోయ, గది పెట్టు," అని చిన్నరాయి చూపించడం నేర్చింది. తిట్టేవాడు. తిట్టనిచ్చేది. అప్పటికి షెడ్డులో జంగమ్మ కూడా ఆమె పక్కన సంచి పరుస్తోంది.

కాటమయ్యతో పొయ్యి పంతం ఎప్పుడో సద్దుమణిగింది గాని, షెడ్డు మాట ఎత్తేవాడు కాదు. ఒక సాయంత్రం సుత్తి కింద పెట్టి, మెడ పట్టేసిందని మూలుగుతూ కూచున్నాడు. చాలాసేపటికి, ఆమె వైపు చూడకుండానే, "గా పాము లెక్క లేస్తరంటగా... జర నాకు చూపెట్టు," అన్నాడు.

"ఈడ చూపెట్ట. రేపు షెడ్డుకు రా."

"అందరి ముందటనా?"

"ఆ. అందరి ముందటనే."

మరునాడు సారు మొదలుపెట్టాక వెనక నుంచి సంచి దులిపి పరిచిన చప్పుడైంది. ఎవరో ఆమెకు తెలుసు. తల తిప్పలేదు. రెండరచేతులూ నేలకానించి, ఊపిరి నిండా పీల్చి, ఛాతీ పైకెత్తింది.