టీచరమ్మ ప్రశ్నలు అడగడం నేర్చుకున్న సంగతి

టీచరమ్మకి యాభై ఎనిమిదేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు డ్రైవింగు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లోనే గడిచాయి, ఆ సీటు కింద తనకోసం బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి. వారమంతా కారు, ఆదివారం చర్చి. స్త్రీల ప్రార్థన కూటానికి ఆమే పెద్ద. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. ఒక సలహా అడిగినవాళ్లకి రెండిచ్చి పంపుతుంది.

ఆ వేసవిలో ఆమె దగ్గర కారు నేర్చుకోవడానికి సొంత అన్న కొడుకే వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల పళ్ల డాక్టరు. జనం నోళ్లలో సూది గుచ్చేటప్పుడు వణకని ఆ చేతులు స్టీరింగు ముట్టుకుంటే చాలు, గడగడలాడిపోయేవి.

"మా కూటంలో ఒకావిడ కూతురుందిరా. నర్సు. చక్కగా పాడుతుంది. ఫోటో చూస్తావా?" అంది టీచరమ్మ మూడో రోజున.

"అత్తా, సర్కిల్ తిరుగుతున్నాను."

"తిరుగు, ఎవరొద్దన్నారు? నేను చెబుతూ ఉంటాను. మంచి పొడగరి కూడా..."

"అత్తా! నాకు అమ్మాయిలు వద్దు. నాకు ఒకతనంటే ఇష్టం. మూడేళ్లయింది."

ఆమె పాదం దానంతటదే బ్రేకు తొక్కేసింది. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వెనక హారన్ల మోత. కంగారులో మేనల్లుడు ఇండికేటరు అనుకుని వైపర్లు వేశాడు. చినుకు లేని మండుటెండలో అవి అద్దం మీద కీచుకీచుమంటూ ఊగసాగాయి.

"పోనియ్యి," అంది టీచరమ్మ చివరికి. "మొదటి గేరు."

ఆ రోజుకి అంతే.

ఇంటికెళ్లి ఆమె మూడు పేజీలు రాసింది. బైబిలు వాక్యాలు, హెచ్చరికలు, చివర్లో 'ప్రేమతో, అత్త' అని సంతకం. మర్నాడు కారుని ఖాళీ మైదానంలో ఆపించి, కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి వినిపించింది. మేనల్లుడు స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా చివరిదాకా విన్నాడు.

"అత్తా, మూడు పేజీల్లో ఒక్క ప్రశ్న కూడా లేదు," అన్నాడు మెల్లగా.

టీచరమ్మ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. నిజంగానే లేదు. కారెక్కిన ముక్కూమొహం తెలియని మనిషిని కూడా "ఏమంటే భయం నీకు?" అని అడిగాకే పాఠం మొదలుపెట్టే తనకి, సొంత మేనల్లుణ్ణి అడగాలని తట్టనే లేదు. ఆమెకు సిగ్గేసింది.

"సరే, అడుగుతున్నాను. నీకు ఎప్పుడు తెలిసింది?"

"పద్నాలుగేళ్లప్పుడు."

"ఎవరికైనా చెప్పావా?"

"దేవుడికి. తీసెయ్యమని రోజూ అడిగేవాణ్ణి. చర్చిలో నీ పక్కనే మోకాళ్లేసుకుని."

టీచరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. స్టీరింగు తిప్పకముందే ఎవరెటు తిప్పుతారో చెప్పెయ్యగల మనిషి ఆమె. పక్కన మోకరించిన పిల్లవాడు ఏమడుగుతున్నాడో తెలుసుకోలేకపోయింది.

"పరీక్షల కోసం అనుకున్నానురా! మావాడికెంత భక్తో అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమెకు కళ్లనీళ్లు కారాయి.

"నీకు అబద్ధం చెప్పలేనురా," అంది ముక్కు తుడుచుకుంటూ. "నేను చదివిన వాక్యం నాకు ఒకలా అర్థమైంది. తెల్లారేసరికి మార్చేసుకోమంటే నావల్ల కాదు. నువ్వు మాత్రం నాకు కావాలి."

"నువ్వు మారాలని నేననట్లేదు. నీ సంతోషం కోసం ఆ నర్సుని చేసుకోలేనంటున్నాను, అంతే. ఆ పిల్లేం పాపం చేసిందని?"

"అదీ నిజమే. బంగారంలాంటి పిల్ల!"

ఈసారి మేనల్లుడు నవ్వాపుకోలేక హారను మీదికి ఒరిగిపోయాడు. మైదానంలో నడుస్తున్న ఇద్దరు పెద్దమనుషులు ఎగిరి పక్కకి దూకారు.

అప్పుడు ఒక ఒప్పందానికి వచ్చారు. అడక్కుండా ఆమె సలహా ఇవ్వకూడదు. మనసులో నొచ్చుకుంటే అతను దాచిపెట్టకూడదు. ఆ వారంలో ఆమె ఏడుసార్లు మాట తప్పింది, ఏడుసార్లూ "అయ్యో, మళ్లీ మొదలెట్టాను" అని నాలిక్కరుచుకుంది.

నెల తిరక్కుండా ఆమే అడిగింది, "అతన్ని ఒకసారి చూపిస్తావా?" అని.

అతను ఈత నేర్పే మాస్టారు. ఆరడుగుల మనిషి వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?"

టీచరమ్మ తడబడింది. ఏ వరసా ఇంకా నోటికి రావడం లేదు. "ప్రస్తుతానికి టీచరమ్మ అను బాబూ. మిగతాది ఆలోచించుకోవాలి. కోపం తెచ్చుకోకు."

"కోపమెందుకండీ? దాచకుండా చెప్పారు, అదే పదివేలు."

ఆమెకి ఆ జవాబు నచ్చింది. కారు కదిలాక మనిషి ఇంకా నచ్చాడు. మేనల్లుడు బిగుసుకుపోగానే "అంత గట్టిగా పట్టుకోకు!" అని ముందు నుంచి ఆమె, వెనక నుంచి అతను ఒకే గొంతుతో అరిచారు.

"మీ దగ్గరా ఇంతేనా?" అందామె వెనక్కి తిరిగి.

"నీళ్లలో అయితే నా మెడ పట్టుకుంటారండీ!"

ఇక ఆ సాయంత్రమంతా ఇద్దరూ శిష్యుల మీద చాడీలు చెప్పుకోవడమే. నడుపుతున్నవాణ్ణి పట్టించుకున్న నాథుడు లేడు.

చర్చిలో గుసగుసలు రానే వచ్చాయి. "మీవాడి కోసం ప్రార్థన చేయమంటారా?" అంది ఒకావిడ, గొంతు తగ్గించి.

"చెయ్యండి, రివర్సు ఎంతకీ రావట్లేదు," అంది టీచరమ్మ ఏమాత్రం తగ్గించకుండా. "మిగతావి వాణ్ణే అడగండి. ముందు భోజనానికి పిలిచి, ఆ తర్వాత అడగండి."

ఆవిడ పిలవలేదు. ఇంకొకావిడ పిలిచింది.

మూడో ప్రయత్నంలో మేనల్లుడికి లైసెన్సు వచ్చింది. ఆ సాయంత్రం టీచరమ్మ వెనక సీటెక్కి, కిటికీ దించి, ఆరాధన పాట అందుకుంది. చర్చి గడప తొక్కని ఈత మాస్టారు, మాటలు రాకపోయినా రాగం పట్టుకుని ముందు సీట్లోంచి వంత పాడాడు. వాక్యం దగ్గర అత్తకీ మేనల్లుడికీ వాదన ఇంకా తెగలేదు. మొన్న గురువారం కూడా కూర చల్లారేదాకా వాదించుకున్నారు.

సిగ్నల్ దగ్గర పక్క కారులోని ముసలాయన ఆ పాట విని నవ్వుతూ, "పెళ్లివారా అమ్మా?" అన్నాడు.

"కాదండీ! మా మేనల్లుడు డ్రైవింగు పాసయ్యాడు!" అంది టీచరమ్మ, తల బయటపెట్టి. "ఆ పక్కనున్నది వాడి మనిషి!"

ఆ మాట చెవిన పడగానే మేనల్లుడు క్లచ్ వదిలేశాడు. ఇంజను ఠక్కున ఆగింది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వుతుండగానే పచ్చ లైటు వచ్చింది, పోయింది.