ఎడమకు గుంజే బండి

చక్రాల దగ్గరుండే సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు అరిగిపోయి, నాన్న పికప్ బండి చాన్నాళ్లుగా ఎడమవైపుకు గుంజేది. ఫుట్‌పాత్ ఎక్కుతుందేమోనన్న భయంతో అమ్మ అందులో కూర్చోవడమే మానేసింది.

ఈ రోజు నాంపల్లిలో, మా ఇంటి ముందే జాకీ పెట్టి, నాన్నా నేనూ కొత్త బుష్‌లు బిగించాం. బతిమాలి అమ్మను ముందు సీట్లో ఎక్కించుకొని అబిడ్స్ వైపు బయలుదేరాం. బండి కుడివైపుకు పోవడం మొదలుపెట్టింది!

నాన్న ముఖం వాడిపోయింది. "ఏంది బిడ్డా, ఉల్టా బిగించినమా?" అని నన్ను అడిగాడు.

అమ్మ స్టీరింగ్ మీదున్న ఆయన చేతులకేసి చూసి నవ్వింది. "బండి మంచిగనే ఉంది. మీరే అలవాటుకొద్దీ కుడికి గుంజుతున్నరు. జర వదులుండ్రి."

నాన్న పట్టు సడలించగానే బండి తిన్నగా సాగింది. రేపు మళ్లీ వస్తానంది అమ్మ.

నాన్న చేతులకు మాత్రం ఏ బుష్‌లు వేయాలో, తెలిసినవాళ్లు చెప్పండి!