మనం తినే బియ్యమే

పోయిన నెల ఒక పొద్దున కాజీపేట స్టేషన్‌లో డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అత్త ప్రభువులో నిద్రించింది" అన్నాడు. మా క్రైస్తవుల ఇళ్ళలో చావు కబురు ఇలాగే చెప్పుకుంటాం. ఏడుపు రాకముందు నాకు తట్టింది ఒక్కటే: మా అత్తకూ నిద్రకూ ఎప్పుడూ పడలేదు కదా! పగటిపూట ఎవరైనా కునుకు తీస్తే లేపి మరీ పని చెప్పే మనిషి. దవాఖానకు తీసుకుపోయే తీరిక కూడా ఇవ్వలేదట. వెళ్ళే విషయంలో కూడా తొందరే.

ఆమె మా నాన్నకు అక్క. మామ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ చిన్న వయసులోనే పోయాడు. అప్పటినుంచి అత్త ఎనుమాముల మార్కెట్ వైపు మిర్చి తొడిమలు తీసే కూలికి పోయి ఇద్దరు ఆడపిల్లలను పెంచింది. ఎంత కడిగినా ఆ చేతుల మంట పోయేది కాదు. అందుకని పిల్లల తలల మీద మోచేత్తో నిమిరి దీవించేది. "ఈ చేతులు కండ్లకు తాకితే దీవెన గాదు అల్లుడా, తిట్టయితది" అని తనే నవ్వేది. మా ఇంటి పిల్లలందరం ఆ మోచేతి కిందే పెరిగాం.

మాది చిన్న సంఘం. రైల్వే కుటుంబాలు, కూలి కుటుంబాలు కలిపి రేకుల కప్పు కింద ఆరాధన చేసుకునేవాళ్ళం. రఘునాథపల్లి దాటాక ఒక పల్లె నుంచి పత్తి కూలీల కుటుంబాలు కొన్ని ప్రతి ఆదివారం మా దగ్గరికి వచ్చేవి. వాళ్ళకు వచ్చిపోయే ఖర్చు ఒకటి, ఆ రోజు కూలి పోవడం మరొకటి. అక్కడే ఒక సంఘం పెడదామని మా పాస్టర్‌గారు కమిటీలో అన్నారు. నేను వద్దన్నాను. మా కప్పే కారుతోంది, వానకు బైబిళ్ళు తడుస్తున్నాయి, ముందు మనకు స్లాబ్ పడాలి అని గట్టిగానే వాదించాను. స్త్రీల సమాజం తరఫున కూర్చున్న అత్త అంతా విని, "మన కప్పు కారుతాంది, నిజమే. వాళ్ళకు కారెటందుకు కప్పన్న లేదు గదా" అంది. ఆ మాటతో కమిటీ సరేనంది, నేనూ చెయ్యెత్తాను.

మాలో పెద్ద డబ్బున్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా మా పాత అలవాట్లే. పెళ్ళయి ఏడాది కూడా నిండని ఒక యువ పాస్టర్‌నూ ఆయన భార్యనూ ఆ పల్లెకు పంపాం. గోడలు లేపడానికి మా మగవాళ్ళు రెస్ట్ రోజుల్లో వంతులేసుకుని పోయారు. రేకులు కోతకాల పండుగ పాటలోంచి వచ్చాయి. పండుగనాడు ఇంటింటి నుంచి తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ ఆరాధన అయ్యాక వేలం పాడతాం. ఆ ఏడాది అత్త ఒక్క కోడినే పట్టుకుని వదల్లేదు. పాడుకున్నవాళ్ళ ముఖంలోకి చూసి "మల్ల పాటకు పెడ్తవా, కూర వండుకుంటవా?" అని అడిగేది. కూర అనడానికి ఎవరికి ధైర్యం? సాయంత్రానికి ఆ కోడి చేతులన్నీ తిరిగి తెచ్చినామె ఇంటికే చేరింది.

పల్లెలో ఆ యువ పాస్టర్ ఇంటి తిండి మాత్రం మా ఆడవాళ్ళ పిడికిలి మీద నడిచింది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోయాలి. ఆదివారం ఆ డబ్బా గుడికి తెచ్చి సంచిలో కుమ్మరించాలి. నెల తిరిగేసరికి సంచి నిండేది, పల్లెకు పోయేది. సంచి మూతి కుట్టేటప్పుడు అత్త ముఖం చూడాలి, కన్నబిడ్డకు సారె పంపుతున్నట్టు ఉండేది.

రెండేళ్ళు ఇలా నడిచాక ఒక శనివారం అత్త పనిమీద ఆ పల్లెకు పోయింది. వాన పట్టుకుంది. ముందు చెప్పకుండానే పాస్టర్ ఇంట్లో అన్నానికి ఉండిపోయింది. అదివరకు ఎప్పుడు పోయినా సద్ది కట్టుకుని పోయేది, వాళ్ళ మీద బరువు వేయకూడదని. పాస్టరమ్మ తటపటాయిస్తూ వడ్డించింది. అన్నంలో సగం గుజ్జు, సగం పలుకు. పైగా ముక్కిన వాసన.

"రోజు గిట్లనే ఉంటదా బిడ్డా?" అని అడిగింది అత్త.

"కలిసిన బియ్యం గదమ్మా" అంది ఆ పిల్ల తల వంచుకుని. "దొడ్డువి ఉడికెదాక సన్నయి ఆగయి. పురుగులు ఏరుకునుడు అలవాటైంది. మీరు ఫికర్ చెయ్యకున్రి. పెట్టెటోళ్ళను ఎట్ల అంటం?"

అత్త కంచం ఖాళీ చేసి మరీ లేచిందట. ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. ఏదో స్వస్థత గురించి చెబుతుందని మేమంతా "స్తోత్రం" అనడానికి సిద్ధంగా ఉన్నాం.

"మా ఇంట్ల రెండు డబ్బలున్నయి" అని మొదలుపెట్టింది. "ఒకదాంట్ల మేం తినే సన్నబియ్యం. ఇంకోదాంట్ల రేషన్ బియ్యం. ముక్కిపోతే కోళ్ళకేసేటియి. రెండేండ్ల సంది నేను పిడికెడు తీసింది రెండో దాంట్లకెల్లి. మిమ్ముల అందరిని తియ్యిన్రి తియ్యిన్రి అని ఎంటవడ్డది గూడ నేనే. కోళ్ళు తినేది దేవుని సేవకు పంపిన. అది తిని ఆ పిల్ల ఒక్క మాట అనలే. నన్ను మన్నించున్రి."

నా భార్య తలెత్తి నా వైపు చూసింది. మా ఇంట్లోనూ రెండు డబ్బాలున్నాయి. ఇప్పుడంటే రేషన్‌లోనూ సన్నబియ్యమే ఇస్తున్నారు గానీ అప్పుడు ఇంటింటా ఇదే కథ. ఆ ఆదివారం గుడిలో చాలామంది తమ కాళ్ళ బొటనవేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక అప్పటినుంచి ఆమె పెట్టిన కట్టడి ఒక్కటే. "ఎసట్ల పొయ్యవోయే బియ్యంలకెల్లే తియ్యాలె. రేషన్ తినెటోళ్ళు రేషనే ఇయ్యిన్రి, సిగ్గు లేదు. సన్నయి తినెటోళ్ళు సన్నయి ఇయ్యిన్రి. రెండు కలవకుంట దేని సంచి దానికే పెడ్తం. మనం తినే బియ్యమే పోవాలె." రెండు సంచులు పెడితే పేదవాళ్ళెవరో తెలిసిపోతుంది కదా అని ఒక పెద్దాయన అడ్డు చెప్పాడు. "సంచులు లోపలి అర్రల పెడ్తం. ఎవలు ఏ సంచిల పోసిన్రో దేవుడు చూసుకుంటడు తియ్యి" అంది. తప్పు ఒప్పుకున్న మనిషి మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఆ నెల పోయిన సంచులను తనే స్వయంగా మోసుకుపోయింది.

గోడలకు సున్నం వేసేటప్పుడు గుమ్మం మీద "కాజీపేట సంఘం వారి సహాయంతో" అని రాయిద్దామని నేను పెయింటర్‌ను మాట్లాడాను. అత్త విని నా మీద లేచింది. "బిడ్డను కన్నోళ్ళు బిడ్డ నొసట పేరు రాసుకుంటరా అల్లుడా?" పెయింటర్‌ను వాపసు పంపాను. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు అనిపిస్తుంది, ఎంత పెద్ద అవమానం తప్పించిందో!

నాలుగో ఏట సాయం ఆపేయాలన్నది మొదటినుంచీ అనుకున్న మాటే. తీరా ఆ రోజు వచ్చేసరికి మాకే ధైర్యం చాలలేదు. వాళ్ళు కూలికి పోయేవాళ్ళు, పాస్టర్‌ను పోషించుకోలేరు, మనం చేయి తీస్తే గుడికి తాళం పడుతుందని నేనే అన్నాను. "పాలు మాన్పిచ్చెటప్పుడు పిల్లకన్న తల్లే ఎక్కువ ఏడుస్తది" అంది అత్త. ఆ మాట తనకూ వర్తిస్తుందని ఆమెకు తెలుసు. చివరి సంచి పంపిన రోజు మూతి కుట్టిన దారం విప్పి మళ్ళీ కుట్టింది. మోకాళ్ళు పట్టేసి పల్లెకు పోలేని స్థితి వచ్చాక నన్ను చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "వాళ్ళు నిలవడుతాన్రా అల్లుడా? నిజం చెప్పు." ఆరాధన నడుస్తోంది అనేవాణ్ణి. అంతకు మించి నాకు మాత్రం ఏం తెలుసు? ఆ ప్రశ్నతోనే ఆమె వెళ్ళిపోయింది.

సమాధికి ఆ పల్లెవాళ్ళు ట్రాక్టర్ కట్టుకుని వచ్చారు. మొన్న ఆదివారం వాళ్ళకు కృతజ్ఞత చెప్పి రావాలని మేం నలుగురం రెండు బండ్ల మీద బయల్దేరాం. పత్తి ఏరే రోజుల్లో అక్కడ తెల్లవారుజామునే ఆరాధన, అది కాగానే చేలకు పోతారు. హైవే మీద మంచు పట్టి ఆలస్యమైంది. అయినా పరవాలేదనుకున్నాం, కాజీపేట వాళ్ళు వచ్చేదాకా ఆగడం అక్కడ రివాజు.

ఆగలేదు. మేం చేరేసరికి వాక్యం కూడా అయిపోయింది. కూర్చోవడానికి చోటు లేక గుమ్మం దగ్గర నిలబడ్డాం. పాస్టర్ ప్రార్థనలో అత్తను తలుచుకున్నాడు. తర్వాత ముందు వరసలోంచి పత్తి కూలికి పోయే ఒకావిడ లేచి ప్రకటన చేసింది. అవతలి ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు ప్రార్థన పెట్టుకున్నారట, అక్కడ సంఘం నిలబెట్టే బాధ్యత వీళ్ళు తీసుకున్నారట. ఎవరెవరు ఏ వారం పోవాలో పేర్లు చదివింది. చదివి మా వైపు తిరిగింది.

"కాజీపేట నుంచి చుట్టాలచ్చిన్రు. మీరు గూడ ఓ చెయ్యేస్తె మంచిగుంటదన్నా."

చుట్టాలు! వాళ్ళ పనిలో మమ్మల్ని సాయం అడుగుతోంది. "వేస్తమమ్మా, ఎందుకెయ్యం" అన్నాను. నా పిల్లలు ఉద్యోగాల్లో చేరినప్పుడు కూడా నాకు ఇంత గర్వం కలగలేదు. ఈ ఒక్క మాట విని పోవడానికి అత్తకు ఇంకొక్క నెల దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఆమెన్ అనడమే ఆలస్యం, ఆడవాళ్ళు కొంగులు దోపుకుని సద్ది గిన్నెలు, పత్తి సంచులు అందుకున్నారు. మగవాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. మాతో రెండు మాటలు మాట్లాడి, చాయ తాగి పొమ్మని పాస్టరమ్మకు అప్పజెప్పి, వరసగా చేల బాట పట్టారు. పొద్దు పొడుస్తోంది. ఆఖరి పాట వాళ్ళతోపాటే మంచులో దూరం పోతోంది. గుడిలో పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. మేం నలుగురం వంగి, చాపలు ఒక్కొక్కటే దులిపి మడతపెట్టాం.