మా గోదాము నిండిన ఏడు

నరసన్నపేటలో బావా నేనూ కలిసి టార్పాలిన్లు, రేకులు అమ్మేవాళ్ళం. తుఫాను వస్తుందో రాదో ఎవడికి తెలుసు? తీరా వచ్చాక సరుకు తెప్పిద్దామంటే దారులుండవు. అందుకే ఏటా దసరాకి ముందే గోదాము నింపేసేవాళ్ళం. దానికి ముందుచూపని పేరొకటి. ఏడిసింది మా ముందుచూపు! తుఫాను రాకపోతే ఆ సరుకంతా మళ్ళీ ఏడాది దాకా పడి ఉండాల్సిందే. గోదాము నిండిన రోజు నుంచీ మేం కోరుకునేదేమిటో ఇద్దరికీ తెలుసు, పైకి అనుకునేవాళ్ళం కాదు.

రాష్ట్రం విడిపోయాక ఒక ఏడు, తుఫాను మన మీదికే వస్తోందన్నారు. మా కొట్టు అరుగు మీద చేపలమ్మే ఆవిడ ఇల్లు సముద్రం ఒడ్డునే. పాపం, బుట్ట వదిలేసి కొట్లో టీవీ ముందే నిలబడిపోయింది. తుఫాను ఒడిశా వైపు మళ్ళిందని వార్తల్లో చెప్పగానే కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.

బావ తల దించుకున్నాడు. ఆవిడ మాత్రం జాలిగా నా వైపు తిరిగింది.

"మీయోలెవరైనా ఒడిశాలో ఉన్నారేటి బాబూ?"

"ఉన్నారు" అన్నాను.

"బయపడకు, ఆలకేటీ అవ్వదు" అని ఆవిడ మళ్ళీ చేతులు జోడించింది, ఈసారి మా వాళ్ళ కోసం.