ఇత్తడి ఫిరంగులకు ఆయుధపూజ

నాచారం పారిశ్రామికవాడలో హనుమాండ్లు చేసే ఫిరంగి వడ్లగింజంత ఉంటుంది. విదేశాల్లో బొమ్మ ఓడలు కట్టుకునే పెద్దమనుషులు ఓడ విడిభాగాల డబ్బాలో వచ్చిన ప్లాస్టిక్ ఫిరంగులు పారేసి ఈ ఇత్తడివి బిగించుకుంటారు. లేతు మీద తిప్పి, గొట్టానికి రంధ్రం వేసి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేస్తాడు హనుమాండ్లు. ఆ మెరుపే ఆయన గర్వం.

2008 దసరాకు యజమాని భూపాల్ మిషన్లతో పాటు పంపాల్సిన సరుక్కి కూడా ఆయుధపూజ చేశాడు. ఫిరంగులు ఆయుధాలు కావా మరి! పసుపు, కుంకుమ, పైన కొబ్బరినీళ్లు. సెలవులయ్యాక వచ్చి చూస్తే ఇత్తడంతా నల్లమచ్చలు, పచ్చచిలుము.

"ఏం హనుమాండ్లు, తుడ్వాలన్న సోయి లేదా? మాల్ వాపసొచ్చిందంటె నువ్వు గూడ ఇంటికే," అన్నాడు భూపాల్.

మళ్లీ పాలిష్ చేసే వ్యవధి లేక అలాగే పంపారు. జవాబు వచ్చేదాకా హనుమాండ్లుకు అన్నం సయించలేదు. తీరా కొన్నవాళ్లు రాసింది ఇది: నూరేళ్లు సముద్రంలో తిరిగొచ్చినట్టున్నాయి, ఇకమీదట అన్నీ ఇలాంటివే పంపండి.

భూపాల్ కంప్యూటర్‌కే దండం పెట్టాడు. "అంతా అమ్మవారి దయ!"

"ఖరాబైతె నా తప్పు, మంచిగైతె అమ్మవారి దయనా సేటూ?"

"గట్ల మాట్లాడకు, కండ్లు వోతయి."

ఇప్పుడు ప్రతి సరుక్కీ కొబ్బరికాయ కొడుతున్నారు. హనుమాండ్లు పాలిష్ పూర్తిగా మానేసి, గంట ముందే ఇంటికి ఉప్పల్ బస్సెక్కుతున్నాడు. భూపాల్ గట్టిగా అడిగితే, "మిగిలింది అమ్మవారు జూసుకుంటది సేటూ," అంటాడు.