ఆగి ఆగి తిరిగిన టేపు

వనపర్తిలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. స్కానింగ్ గదిలో తీసిన బొమ్మలన్నీ డిస్కుల పెట్టెలో చేరతాయి. అక్కడి నుంచి ఫైబర్ కేబుళ్ల మీద, మధ్యలో కేబుళ్లను కలిపే స్విచ్ అనే పెట్టె దాటి, టేపు డ్రైవ్‌కు పోతాయి. టేపంటే వెనకటి పాటల క్యాసెట్ లాంటిదే. డిస్కులు పోయినా అందులో నకలు మిగులుతుంది.

ఆ ఎండాకాలం ఒక సోమవారం పొద్దున పోయేసరికి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఒక డిస్కు పాడైపోయింది. ఇంకొకటి పోయేలా ఉందని హెచ్చరిక. అదీ పోతే బొమ్మలన్నీ పోయినట్టే. కొత్త డిస్కులు హైదరాబాద్ నుంచి మరునాటికి గాని రావు. ఈలోగా అంతా టేపు మీదికి ఎక్కించాలి. నెల రోజులుగా నకలు సగంలోనే ఆగిపోతోంది. తెలిసీ చూద్దాంలే అని వదిలేసింది నేనే.

నకలు మొదలుపెట్టాను. గంట గడిచినా ఎక్కాల్సిన దాంట్లో పదో వంతు కూడా ఎక్కలేదు.

స్కానింగ్ గదిలో పనిచేసే అక్క తలుపు దగ్గరికి వచ్చింది. వెనకాల ఇద్దరు నర్సులు, కవరు పట్టుకుని ఒక పెద్దాయన.

"తమ్మీ, ఈయన పెండ్లాన్ని బల్మూర్ నుంచి తోల్కొచ్చిండు. ఆమె పోయినేటి తలకాయ స్కాన్ కావాల్నంట. గడ్డ పెరిగిందా లేదా డాక్టర్ ఇయ్యాల్టి దాంతోని పక్కపక్కన పెట్టి చూడాలె. జర తెరుస్త."

"తెరవకు! నువ్వు ఊకె గిట్ల తెరుస్తుంటేనే టేపు నడుస్తలేదు," అని అందరి ముందర కసిరాను.

ఆమె ముఖం మాడిపోయింది. వెళ్లి తెరిచినవన్నీ మూసేసింది.

ఇరవై నిమిషాలు చూశాను. వేగం ఇసుమంతైనా పెరగలేదు. డ్రైవ్ బాగుచేసే కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేస్తే, "డ్రైవే ఖరాబైంది, రెండు రోజులాగు, కొత్తది పంపుతం," అన్నాడు. రెండు రోజులు ఎక్కడివి?

డ్రైవ్‌కు చెవి ఆనించి విన్నాను. గుర్రుమని తిరుగుతోంది, టక్కున ఆగుతోంది, కాస్త వెనక్కి చుట్టుకుని మళ్లీ మొదలుపెడుతోంది. రాయడానికి సరుకు అందక ఆగుతున్నట్టుంది. నకలు ఆపి, ఖాళీ టేపు పెట్టి, నెట్‌వర్క్‌తో పనిలేకుండా డ్రైవ్ తనంతట తానే రాసుకునే పరీక్ష నడిపాను. ఆగకుండా ఒకే ఊపున పోయింది. అంటే డ్రైవ్ బాగానే ఉంది. లోపం దారిలోనే ఎక్కడో ఉంది.

నకలు మళ్లీ నడిపిస్తూ, కంప్యూటర్‌లో స్విచ్ లెక్కలు తెరిచి చూశాను. డిస్కుల వైపు తప్పులు సున్నా. టేపు వైపు అంకె నేను చూస్తుండగానే పెరుగుతోంది. పంపినవి చెడిపోయి చేరుతున్నాయి, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోంది.

టార్చి పట్టుకుని, ఈ పెట్టెలన్నీ పేర్చిన ర్యాక్ వెనక్కి దూరాను. టేపుకు పోయే కేబుల్ మోచెయ్యిలా వంగిపోయి ఉంది, దాని మీద ప్లాస్టిక్ పట్టీ బిగించి. ఆ పట్టీ కట్టింది నేనే. కిందటి నెల మేనేజ్‌మెంట్‌వాళ్లు చూడ్డానికి వస్తున్నారంటే, నీటుగా కనబడాలని అన్నీ లాగి కట్టాను. ఫైబర్ కేబుల్ లోపల ఉండేది గాజు పోగు, అంతగా మడిస్తే అందులో వెలుతురు సరిగా పోదు.

పక్కనే డిస్కుల కేబుల్. అది కదిలితే ఇంకో ప్రమాదం. నకలు ఆపి, దాన్ని తాకకుండా పట్టీ కత్తిరించి, బీరువాలో ఉన్న కొత్త కేబుల్ తగిలించి నకలు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గుర్రుమన్న చప్పుడు ఆగలేదు.

స్కానింగ్ గదికి వెళ్లి అక్క పక్కన వంగి మెల్లగా చెప్పాను. "తప్పు నీది కాదక్కా. నాదే. ఆ స్కాన్ తెరువు."

ఆమె నా వైపు తిరగలేదు. "అన్నప్పుడు నలుగురి ముందర అన్నవు. ఇప్పుడేంది చెవుల చెప్తున్నవ్?"

నిటారుగా నిలబడ్డాను. నర్సులున్నారు, పెద్దాయనా ఆయన భార్యా ఉన్నారు. "కేబుల్ నేనే తప్పుగా కట్టిన. అక్కను ఊకెనే అన్న," అని గట్టిగా చెప్పాను.

అక్క స్కాన్ తెరిచింది. డాక్టర్ వచ్చి రెండు బొమ్మలూ చాలాసేపు చూసి, గడ్డ పెరగలేదన్నాడు. పెద్దాయన చేతిలోని కవరుతోనే కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి నకలు పూర్తయింది. మరునాడు పొద్దున, కొత్తవి రాకముందే, రెండో డిస్కు కూడా పోయింది. టేపు నుంచి అన్నీ తిరిగి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఏ స్కాన్ ముందు కావాలో అక్కే వరస చెప్పింది, నేను ఎక్కించాను. అంతకు మించి ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు.