చాయ్ బండి మీద కట్టిన ఫ్లెక్సీ

ఇయ్యాల నాగర్‌కర్నూల్‌ల ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు పోయిన. నా డిగ్రీ మెమో చూసి, "మార్కులు మస్తున్నయమ్మా, గని అనుభవం లేదు కద" అన్నరు. గా మాట ఇనుట్ల మాత్రం నాకు రెండేండ్ల అనుభవముంది.

లింగాల బస్సు కోసం నిలవడితే వాన అందుకున్నది. బస్టాండు పక్కన ఒక పెద్దమ్మ చాయ్ బండి కాడికి ఉరికిన. తలెత్తి చూస్తే, బండికి పైన కట్టింది మా కాలేజీ ఫ్లెక్సీ. బొమ్మలున్న దిక్కు కిందికేసి కట్టిండ్రు. నడుమ నా ఫొటో, దాని కింద "కాలేజ్ ఫస్ట్". రంగు ఎలిసింది గని నవ్వు గట్లనే ఉన్నది.

"పెద్దమ్మా, ఈ ఫ్లెక్సీ ఏడిది?" అనడిగిన.

"కాలేజోళ్లు కొత్తది కట్టి దీన్ని పారేసిండ్రు బిడ్డా. మంచిగ గట్టిగుంది, ఒక్క సుక్క కారదు."

"ఆ పిల్లెవరు?"

పెద్దమ్మ పైకి చూసింది గని నా దిక్కు చూడలే. "ఎవరో బాగ సదువుకున్న పిల్ల. ఈపాటికి పట్నంల పెద్ద నౌకరి చేస్తుంటది."

"అవు, చేస్తుంటది" అన్న. వాన తగ్గకముందే బస్సుకు ఉరికిన.

ఇంట్ల ఎవరికి చెప్పాల్నో తెల్వక ఈడ రాస్తున్న. పట్నంల మీకెవరికన్న ఆ పిల్ల కనవడితే, జర నాకు గూడ చెప్పుండ్రి.